తాడు ఎంత మోస్తోంది

ఆగస్టు 2

డిగ్రీతో పాటు తీసుకున్న రోబోటిక్స్ మైనర్ కోర్సు వదిలేస్తున్నాను. బాధేమీ లేదు. మెకానికల్ డిగ్రీ ఎలాగూ ఉంది, దానికే తల ప్రాణం తోకకొస్తోంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మెకానికల్ క్లాసులు పగలు, మైనర్ ల్యాబ్ సాయంత్రం. అమ్మకి బస్ డిపోలో టైమ్ కీపర్ పని, ఈ టర్మంతా సాయంత్రం డ్యూటీయే. నాన్న సరుకు ఓడ మీద ఉన్నాడు, ఏ సముద్రంలో ఉన్నాడో ఫోన్ కలిసినప్పుడే తెలుస్తుంది. అమ్మమ్మ పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది, ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చింది కానీ కుర్చీలోంచి తనంతట తను లేవలేకపోతోంది. ఎవరో ఒకరు లేపాలి. సాయంత్రాలు ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేనే.

మైనర్ వదులుకోవడానికి నెలాఖరు దాకా గడువిచ్చారు. అంతదాకా ఎందుకు, ఈ వారమే చెప్పేస్తాను.

ఆగస్టు 5

అమ్మకి ఈ రోజు సెలవు. చెప్పడానికే ల్యాబ్‌కి వెళ్ళాను. చెప్పలేదు.

తప్పు నాది కాదు, బుడ్డోడిది. బుడ్డోడంటే మా రోబో. మోకాలెత్తు ఉంటాడు. రెండు కాళ్ళు, ఒక మొండెం, తల లేదు, చేతులు లేవు. మా ప్రాజెక్టు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: వాడు చిన్న స్టూలు మీద కూర్చుని ఉంటాడు, లేచి నిలబడాలి. మొదటి వారం మేం నవ్వుకున్నాం, ఇంతేనా అని. పక్క జట్టు వాళ్ళ రోబో మెట్లెక్కుతుంది, ఇంకొకళ్ళది బంతి పట్టుకుంటుంది. మాది లేచి నిలబడాలి, అంతే.

ఆ అంతే ఎంతో ఇప్పుడు తెలుస్తోంది. నేను లోపలికెళ్ళేసరికి మోటార్లన్నీ ఒక్కసారి గుంయ్‌మన్నాయి. వాడు స్టూలు మీంచి అంగుళం పైకి లేచాడు. లేచి, గాల్లో వణికాడు. చీలమండలు ఇటు సరిచేస్తే తుంటి అటు పోతోంది, తుంటిని సరిచేసేలోగా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ప్రతి మోటారూ సెకనుకి కొన్ని వందలసార్లు తనని తను అడుగుతుంది, పడుతున్నానా, పడుతున్నానా అని. తర్వాత నిజంగానే పడ్డాడు, వెనక్కి, వీపుకి కట్టిన తాడుకి వేలాడుతూ.

రెండో సంవత్సరంలో డైనమిక్స్ పేపర్‌లో ఇదే లెక్క వచ్చింది. బరువంతా ఒక చుక్కలో ఉందనుకుని, ఆ చుక్క పాదాల మీద ఉందో లేదో చూడాలి. బట్టీ పట్టి రాసి, పరీక్ష హాలు గుమ్మం దాటేలోపే మర్చిపోయాను. అదే లెక్క ఈ రోజు నా కళ్ళ ముందు ఒళ్ళు వణికించుకుంటూ లేచింది.

"ఏదో చెప్పాలన్నావు?" అని నిదానం అడిగాడు. మైనర్‌లో వాడు నా జతగాడు, కంప్యూటర్ సైన్స్ వాడు. దేనికైనా టీ చల్లారాక గానీ జవాబు చెప్పడు, అందుకే ఆ పేరు.

"ఏం లేదు. ఇంకోసారి నడుపు," అన్నాను.

ఆగస్టు 6

రేపు చెప్తాను.

ఆగస్టు 9

మనుషులు లేస్తున్నారు. ఎక్కడ చూసినా అదే. బస్సులో, క్యాంటీన్‌లో, లైబ్రరీలో. ఎవరూ దాని గురించి ఆలోచించరు. చేతిలో టీ గ్లాసుతో, చంకలో పిల్లతో, ఫోన్‌లో ఎవరినో తిడుతూ లేచిపోతారు. ఇరవై ఏళ్ళుగా కళ్ళు పెట్టుకుని ఏం చూశానో.

అందరూ ఒకేలా లేస్తారు. ముందు పాదాలు వెనక్కి లాక్కుంటారు. తర్వాత నడుము నుంచి ముందుకి వంగుతారు, ముక్కు కాలివేళ్ళ మీదకొచ్చేదాకా. అప్పుడు పిరుదులు కుర్చీని వదులుతాయి. ఆ ఒక్క క్షణం మనిషి కుర్చీకీ చెందడు, కాళ్ళకీ చెందడు. పడిపోతున్నట్టే ఉంటుంది. పడడు.

ఈ రోజు మా మెకానికల్ హెడ్డు నన్ను పిలిపించారు. "మైనరూ మైనరూ అని మేజర్‌ని ముంచుకుంటున్నావమ్మా. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో ఆ మార్కులేంటి?" అని మొదలుపెట్టి, కోపం ముదిరి కుర్చీలోంచి లేచారు. భారీ మనిషి. ఆ పొట్టని ముందుకి తెచ్చి, ఒక ఊపు ఇచ్చి, ఆ ఊపు చచ్చేలోపు మోకాళ్ళు చాపేసి ఎంత అందంగా లేచారంటే, నేను నోరు వెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాను. మిగతా తిట్లు నా చెవిన పడలేదు. "అర్థమైందా?" అంటే "చాలా బాగా అర్థమైంది సర్," అన్నాను. ఆ జవాబుకి ఆయన కొంచెం చల్లబడ్డారు.

ఆగస్టు 11

ఫిజియో అమ్మాయి వచ్చింది. వారానికి మూడుసార్లు వస్తుంది. అమ్మమ్మ ఆమెకి కసాయి అని పేరు పెట్టింది, మొహం మీదే అంటుంది. ఆమె నవ్వేస్తుంది.

అమ్మమ్మ బళ్ళో డ్రిల్ టీచర్. ఒక తరం పిల్లల్ని అటెన్షన్‌లో నిలబెట్టిన మనిషి. ముక్కు మీద కోపం. ఆమె ఈల వేస్తే వీధి అవతల కుక్కలు కూడా ఆగేవని అమ్మ అంటుంది. పెన్షన్ ఆఫీసులో ఎవరైనా కూర్చుని మాట్లాడండమ్మా అంటే ఒంటికాలి మీద లేచేది. ఇప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కాళ్ళకేసి చూసుకుంటూ ఉంటుంది, మాట వినని పిల్లల్ని చూసినట్టు.

"టీచర్ గారూ, ముక్కు కాలివేళ్ళ మీదకి రావాలి. ముందుకి వంగండి," అంది ఫిజియో అమ్మాయి.

"వంగాను."

"వంగలేదు. వెనక్కి వాలుతున్నారు." తర్వాత నాకేసి తిరిగింది. "నువ్వు చెయ్యి తియ్యి."

"నేను పట్టుకోలేదు. ఊరికే ముట్టుకున్నానంతే," అన్నాను.

"పిల్ల ముట్టుకుందంతే," అంది అమ్మమ్మ కూడా.

గుమ్మం దగ్గర ఆమె నాతో గొంతు తగ్గించి మాట్లాడింది. డాక్టర్ గారు చెప్పమన్నారట. ఈ నెల దాటితే తొడల్లో కండ కరిగిపోతుంది, ఆ తర్వాత ఎవరు పట్టుకున్నా లేవలేదు, ఇక కుర్చీ, మంచం, అంతే. ఎముక బాగానే అతుక్కుంది, లేవగలిగిన మనిషే, లేవడం లేదు అంది.

కసాయి పేరు సరిగ్గానే పెట్టింది అమ్మమ్మ. పెద్దావిడని చెయ్యి వదిలేసి చూస్తూ నిలబడమంటుందా? నేను పట్టుకోవడం వల్ల ఏం నష్టమో నాకు అర్థం కాలేదు. అసలు నేను పట్టుకోవడమే లేదు.

ఆగస్టు 14

లేచాడు!

పక్కింటావిడ అమ్మమ్మ దగ్గర కూర్చుంటానంది, ల్యాబ్‌కి పరుగెత్తాను. తాడు పట్టుకునేది నిదానం. వాడి చేతిలోంచి తాడు పై కమ్మీ మీద కప్పీ మీదుగా వచ్చి బుడ్డోడి వీపుకి తగులుకుని ఉంటుంది. పడితే పగలకుండా ఉండటానికి, ఇంకెందుకూ కాదు. నేను మోటార్ల అంకెలు మారుస్తూ పోయాను. ఒకటి పెంచి, ఒకటి తగ్గించి. ఏ పూనకం వచ్చిందో, వాడు నిటారుగా, నీళ్ళలోంచి తేలినట్టు లేచి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇనుము, తీగలు, నాలుగు స్క్రూలు. అంతకు ముందు లోకంలో లేనిది ఒకటి లేచి నిలబడింది, అందులో నా చెయ్యి ఉంది. నిదానం కూడా వెంటనే నవ్వాడు, వాడి లెక్కన అది రికార్డు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మమ్మ అంది, "మీ బుడ్డోడు నా కంటే నయమన్నమాట."

"నువ్వూ లేస్తావులే," అని చంకల కింద చేతులు పెట్టి లేపాను. ఎంత తేలిగ్గా లేచిందో.

మైనర్ సంగతి తర్వాత ఆలోచిద్దాం.

ఆగస్టు 18

ప్రొఫెసర్ గారికి చూపించాం. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. బుడ్డోడు లేవడం చూసింది, చుట్టూ ఒకసారి తిరిగింది.

"తాడు ఎంత మోస్తోంది?" అని అడిగింది.

"ఏమీ లేదు మేడమ్. పడితే పట్టుకోవడానికంతే. వదులుగానే ఉంది," అన్నాను.

"తూచారా?"

ఇద్దరం మొహామొహాలు చూసుకున్నాం. తాడుని ఎవరు తూస్తారు? ఆవిడ బీరువాలోంచి పెట్టెలు తూచే కొక్కెం త్రాసు తీసి, తాడుకీ బుడ్డోడి వీపుకీ మధ్య తగిలించింది. నడపమంది. లేచాడు, ఎప్పట్లాగే ఠీవిగా. త్రాసు ముల్లు కూడా లేచింది. వాడి బరువులో మూడో వంతు తాడు మీద ఉంది. నిదానం తన చేతిని తను కొత్తగా చూసుకున్నాడు. లాగుతున్నానని వాడికి తెలియదు. పడతాడేమోనన్న భయం వాడి చేతిలోంచి తాడులోకి వెళ్ళింది. నేను ఆ తాడుకి సరిపోయేలా అంకెలన్నీ సరిచేసుకుంటూ పోయాను.

"ఇప్పుడు నిజంగా వదులు చెయ్యి."

చేశాడు. బుడ్డోడు లేవబోయి, వెల్లకిలా పడ్డ తాబేలులా స్టూలు మీద కాళ్ళు కొట్టుకున్నాడు.

"మీరు వీడికి నిలబడటం నేర్పలేదు. వేలాడటం నేర్పారు. పైనుంచి ఎవరో లాగుతుంటే ముందుకి వంగే అవసరం వాడికేముంది?" అంది ఆవిడ. కోపంగా కూడా అనలేదు. "అంకెలన్నీ చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టండి."

చెరిపేశాం. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, ఇల్లు ఇంకా దూరం ఉండగానే, అమ్మమ్మ చంకల కింద పెట్టే నా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను.

ఆగస్టు 19

బాత్రూం పక్కనున్న బరువు చూసుకునే మిషన్ తెచ్చి అమ్మమ్మ కుర్చీ పక్కన పెట్టాను. దాని మీద ఎక్కి నిలబడ్డాను.

"ఏమే, ఏమిటా విన్యాసం?"

"లెక్కమ్మా. నేను నిన్ను ఎంత మోస్తానో అంత బరువు నా మీద ఎక్కువ చూపిస్తుంది."

"చదివేస్తే ఉన్న మతి పోయిందన్నమాట," అంది, కానీ లేవడానికి చేతులు చాచింది.

ఎప్పట్లాగే పట్టుకున్నాను. ఎప్పట్లాగే, ఊరికే ముట్టుకున్నట్టే. ముల్లు గిర్రున తిరిగింది. అమ్మమ్మలో సగం నా పాదాల కింద ఉంది.

ఆగస్టు 20

పక్కింటావిడకి నడుం నొప్పి, అమ్మమ్మని లేపడం ఆవిడ వల్ల కాదు. నేను ల్యాబ్ నుంచి వచ్చేదాకా అమ్మమ్మ కుర్చీలోనే ఉంటుంది. ఆ సంగతి తెలుసు. తెలియనిది ఈ రోజు తెలిసింది. నేను పెట్టి వెళ్ళిన నీళ్ళ సీసా మూత కూడా తీయలేదు. ఎప్పుడూ తీయదట, పక్కింటావిడ చెప్పింది. నీళ్ళు తాగితే బాత్రూంకి వెళ్ళాల్సి వస్తుందని, నేనొచ్చేదాకా గొంతు ఎండబెట్టుకుని కూర్చుంటుంది. వచ్చాక అడుగుతుంది, మీ బుడ్డోడు లేచాడా అని.

మైనర్ వదిలేస్తున్నాను. ఈసారి నిజం. నిదానానికి ఫోన్ చేసి చెప్పేశాను. "గడువు ముప్పై ఒకటి దాకా ఉంది కదా," అన్నాడు.

ఆగస్టు 21

హీట్ ట్రాన్స్‌ఫర్ చదివాను. మంచి సబ్జెక్టే.

ఆగస్టు 22

హీట్ ట్రాన్స్‌ఫర్ చదివాను.

ఆగస్టు 24

నా చేతులు తగ్గించాలని చూస్తున్నాను. మిషన్ మీద నిలబడి, ముల్లుని చూస్తూ, కొంచెం కొంచెంగా వదులుతాను. ఒక చోటుకి వచ్చేసరికి అమ్మమ్మ కుర్చీలో కూలబడుతుంది. వంగదు. ఎంత చెప్పినా నడుము వంగదు. మోకాళ్ళు పట్టేశాయంటుంది, కసాయి రాసే నూనె మంచిది కాదంటుంది, కుర్చీ పల్లంగా ఉందంటుంది. కుర్చీ కింద పలక పెట్టి ఎత్తు చేశాను. ఇప్పుడు ఎత్తయిందంటుంది.

ఈ రోజు నాకు విసుగొచ్చింది. "నువ్వు అసలు ప్రయత్నమే చేయడం లేదు. నీ దగ్గర పిల్లలెవరైనా ఇలా సాకులు చెప్తే ఊరుకునేదానివా?" అన్నాను.

అమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. అటే చూస్తూ, "భయంగా ఉందే," అంది.

ఆ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. అమ్మ కూడా వినలేదేమో.

"ఆ రోజు ముందుకే పడ్డాను. వంగితే నేల మీదికొస్తోంది. మళ్ళీ మొహం మీదికి. నాకు తెలుసు నువ్వున్నావని. ఒంటికి తెలియడం లేదు."

నేను కింద కూర్చుని ఆమె పాదాలు పట్టుకున్నాను. బుడ్డోడికైతే అంకె మార్చేదాన్ని. ఈ ఒంట్లో భయం ఏ కీలులో ఉంటుందో, ఎవరు ఎక్కడ దిద్దుతారో. అలా పట్టుకుని కూర్చుంటే, అరికాళ్ళు నా చేతుల్లో చిన్నగా కదులుతున్నాయి, బొటనవేళ్ళు నొక్కుతూ, వదులుతూ, మళ్ళీ నొక్కుతూ. కూర్చున్న మనిషి పాదాలు కూడా లోలోపల అడుగుతూనే ఉన్నాయి, పడుతున్నానా, పడుతున్నానా అని. ఇన్నేళ్ళ నుంచీ ఒక్కరోజు సెలవు తీసుకోకుండా.

ఆగస్టు 28

నిదానం వీడియో కాల్ చేశాడు. "చూడు," అన్నాడంతే.

అమ్మమ్మ ఫోన్ లాక్కుని తను పట్టుకుంది. తెర మీద బుడ్డోడు. పై కమ్మీ మీంచి తాడు దిగి, కొక్కెం త్రాసు పక్కనుంచి నేల మీద చుట్టలా పడి ఉంది. ఎవరి చేతిలోనూ లేదు. బుడ్డోడి ముందు నిదానం తన దిండు పెట్టాడు, హాస్టల్ నుంచి తెచ్చుకున్నది.

బుడ్డోడు వంగాడు. మొండెం ముందుకి, ఇంకా ముందుకి వచ్చింది. స్టూలు వదిలింది. ఆ క్షణం ఉందే, అది రాయడం నాకు చేతకాదు. వాడు కచ్చితంగా పడుతున్నాడు, అందులో అనుమానం లేదు. ఆ పడటాన్నే పట్టుకుని, దాని మీదే ఎక్కి, కాళ్ళు చాపుకుంటూ లేచాడు. వణికాడు. నిలబడ్డాడు. ఎవరూ పట్టుకోలేదు. నిదానం ఏడుస్తున్నాడు, ఆలస్యంగా కాదు, అప్పటికప్పుడే.

"వీడు ముందుకి పడబోయాడు కదే," అంది అమ్మమ్మ.

"పడబోవాలమ్మా. పడబోకపోతే లేవలేడు."

"ఎన్నిసార్లు పడ్డాడు?"

ఈ మాట నిదానాన్ని అడిగింది. "లెక్క పెట్టడం మానేశాను అమ్మమ్మగారూ," అన్నాడు వాడు.

"ఇంకోసారి లేపు."

మళ్ళీ లేపాడు. మళ్ళీ చూసింది. భోజనానికి పిలిచినా రాలేదు, ఫోన్ ఇవ్వలేదు. వాడు వంగినప్పుడల్లా ఆమె నడుము కూడా కుర్చీలో కొంచెం ముందుకి కదులుతోంది. ఆమెకి తెలియదు. నేను చూశాను, చెప్పలేదు.

ఆగస్టు 29

అమ్మమ్మ కుర్చీ ముందు నేల మీద తన దిండు పెట్టించుకుంది. ఎందుకని అడగలేదు. వంగింది, వెనక్కి వాలింది. రోజంతా అదే.

ఆగస్టు 30

అదే. ఒకసారి పిరుదులు లేచాయి. కూలబడింది. నన్ను తిట్టింది.

ఆగస్టు 31

ల్యాబ్ నుంచి ఇప్పుడే వచ్చాను. గడువు దాటిపోయింది. మైనర్ వదల్లేదు. పొద్దున జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి, లేకపోతే తర్వాత నేనే నమ్మను.

అమ్మ స్నానానికి వెళ్ళింది. నేను అలవాటుగా మిషన్ ఎక్కి, చంక కింద చెయ్యి పెట్టబోయాను. అమ్మమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"కింద పెట్టకు. కింద పెడితే నీ చెయ్యి ఊరుకోదు. భుజం మీద వెయ్యి, పైనుంచి."

భుజం మీద వేశాను. పైన వేసిన చేత్తో మనిషిని లేపడం కుదరదు. నా చదువంతా చదివి నాకు తట్టనిది ఆమెకి తట్టింది. ఇప్పుడు నేను ఏమీ చేయలేను, ఆమె కూలబడినా చూస్తూ ఉండాల్సిందే.

పాదాలు వెనక్కి లాక్కుంది. "రెడీ," అంది, తనకి తనే, బళ్ళో పిల్లలకి చెప్పే గొంతుతో. వంగింది. ముక్కు మోకాళ్ళు దాటింది. కాలివేళ్ళ మీదకొచ్చింది. మొహం పాలిపోయింది, కళ్ళు నేల మీదే ఉన్నాయి, పెదవులు బిగిశాయి. పడుతోంది. అమ్మమ్మ పడుతోంది, నేను పట్టుకోకూడదు. కుర్చీ కిర్రుమని వదిలింది. ఆ క్షణం ఆమె దేనికీ చెందలేదు. తర్వాత తొడలు గజగజ వణికాయి, మోకాళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి, వీపు నిటారయింది, తల ఎత్తింది. కిటికీలో వెలుగు ఆమె మొహం మీద పడింది, కూర్చున్నప్పుడు అంత ఎత్తుకి అందని వెలుగు. ఆమె అంత పొడుగని నేను మర్చిపోయాను.

నేను లోకంలో అన్నీ చూశాననుకునే మనిషిని కాదు. కానీ ఇంతకంటే పెద్దది చూస్తానని అనుకోను.

ఇద్దరం అలాగే ఉండిపోయాం. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది.

"ముల్లు ఏమంటోంది?" అంది అమ్మమ్మ. తల తిప్పలేదు, ఎదురుగానే చూస్తోంది.

కిందకి చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"నా బరువు కంటే తక్కువ చూపిస్తోంది."

"తిండి మానేశావా ఏమిటే?"

"కాదమ్మా. నేనే నీ మీద ఆనుకున్నాను."

నిజమే. భుజం మీద వేసిన చేతి మీదుగా నా బరువు కొంత ఆమెలోకి దిగింది, ఎప్పుడు దిగిందో నాకే తెలియదు. తీసేయబోయాను.

"ఉండనీ. ఆనుకో," అంది అమ్మమ్మ. "నేను నిలబడే ఉన్నాగా."